పగడపు ఆక్వేరియంలో నాచు నియంత్రణ

పగడపు ఆక్వేరియంలో నాచు నియంత్రణ అనగా, పగడపు జీవులను (ప్రవాళాలను) పెంచే ఉప్పునీటి తొట్టెలో అదుపు తప్పి పెరిగే శైవలాలను, వాటిని ఆహారంగా తినే జంతువుల సహాయంతో తగ్గించే పద్ధతి. పొలంలో పేనుబంకను అక్షింతల పురుగులు తిన్నట్లే, తొట్టెలో నాచును నత్తలు, పీతలు, సముద్రపు అర్చిన్‌లు, సముద్రపు కుందేళ్ళు, కొన్ని చేపలు తింటాయి. కనుక ఇది జీవ నియంత్రణలో ఒక శాఖ. అయితే ఈ జంతువులు నాచును మాత్రమే తొలగిస్తాయి, నాచు పెరుగుదలకు మూలమైన పోషకాలను తొలగించలేవు. ఈ తేడా తెలియకపోవడం వలన తొట్టెలో నాచు మిగిలి, దానిని తినడానికి తెచ్చిన ప్రాణులు చనిపోవడం తరచుగా జరుగుతుంది.

## నేపథ్యం

పగడపు జీవుల కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు సహజీవనం చేస్తాయి. ఇవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారు చేసే ఆహారంలో అధిక భాగం పగడానికి అందుతుంది. అందువలన పగడపు ఆక్వేరియానికి తీవ్రమైన వెలుతురు తప్పనిసరి. పగడానికి అవసరమైన ఆ వెలుతురే నాచుకు కూడా ఉపయోగపడుతుంది. ఈ తొట్టెల నిర్వహణలో ప్రధానమైన చిక్కు ఇదే.

స్వచ్ఛమైన ఉష్ణమండల సముద్రంలో ప్రవాళ భిత్తికల మీద పోషకాలు చాలా తక్కువగా ఉంటాయి. పైగా నాచును రేయింబవళ్ళు మేసే జంతువులు అసంఖ్యాకంగా ఉంటాయి. తొట్టెలో ఈ రెండు పరిస్థితులూ తారుమారవుతాయి. చేపలకు వేసే మేత, వాటి విసర్జితాలు కొద్దిపాటి నీటిలో పేరుకుపోతాయి. మేసే జంతువులు కొద్ది సంఖ్యలోనే ఉంటాయి.

ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు సజీవ శిలలను, గాలి బుడగలను మాత్రమే ఉపయోగించి తొట్టెలను నడిపే విధానాన్ని 1961లో ప్రచురించాడు. 1980లలో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ, నాచును ఒక పలక మీద కావాలని పెంచి, దానిని గీకి పారవేయడం ద్వారా నీటిలోని పోషకాలను తొలగించే పరికరాన్ని రూపొందించాడు. నాచును శత్రువుగా గాక పనిముట్టుగా చూడవచ్చని దీని వలన తేలింది.

## నాచు పెరగడానికి కారణాలు

* '''పోషకాలు:''' నైట్రేట్, ఫాస్ఫేట్ నాచుకు ప్రధాన ఎరువులు. పగడపు తొట్టెలలో సాధారణంగా నైట్రేట్‌ను లీటరుకు 1 నుండి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్‌ను 0.03 నుండి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంచుతారు. పరీక్షలో ఇవి తక్కువగా కనబడినంత మాత్రాన పోషకాలు లేవని అనుకోరాదు. నాచు వాటిని అప్పటికే పీల్చుకుని ఉండవచ్చు.
* '''వాడే నీరు:''' కుళాయి నీటిలోను, బోరు నీటిలోను నైట్రేట్, సిలికేట్ వంటి లవణాలు ఉంటాయి. తొట్టెలో ఆవిరైన నీటి స్థానంలో రోజూ ఈ నీటినే పోస్తే నీరు ఆవిరైపోతుంది, లవణాలు మిగిలిపోతాయి. అందువలన రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో వడపోసి, అయాన్లను తొలగించిన నీటిని వాడతారు.
* '''వెలుతురు:''' కిటికీ నుండి పడే ఎండ, అవసరానికి మించి వెలిగే దీపాలు నాచుకు అనుకూలిస్తాయి.
* '''కొత్త తొట్టె:''' మొదటి కొన్ని నెలలలో రాళ్ళ మీద ఖాళీ స్థలం ఎక్కువ. మొదట గోధుమరంగు డయాటములు, తరువాత ఆకుపచ్చ నాచు వరుసగా రావడం సహజం. ఈ దశలో తొందరపడి మందులు వాడవలసిన అవసరం ఉండదు.

## ముఖ్యమైన రకాలు

అన్ని రకాల నాచును అన్ని జంతువులూ తినవు. అందువలన ముందుగా రకాన్ని గుర్తించాలి.

* '''డయాటములు:''' ఇసుక మీద, గాజు మీద గోధుమరంగు పొడి వలె కనబడతాయి. వీటి కణకవచం సిలికాతో నిర్మితం.
* '''వెంట్రుకల నాచు:''' డెర్బీసియా మొదలైన ప్రజాతులకు చెందిన సన్నని ఆకుపచ్చ పోగులు. డెర్బీసియా జీవితచక్రంలో పోగుల దశ, బుడగ దశ అనే రెండు దశలు ఉన్నాయి. బుడగ దశను పూర్వం హాలిసిస్టిస్ అనే వేరే ప్రజాతిగా భావించేవారు. రెండూ ఒకటేనని 1938లో తేలింది.
* '''బ్రయాప్సిస్:''' ఈక ఆకారంలో ఉంటుంది. చాలా జంతువులు దీనిని ముట్టవు.
* '''బుడగ నాచు:''' వలోనియా. మెరిసే ఆకుపచ్చ గోళీల వలె ఉంటుంది. ఒక్కొక్క బుడగ ఒకే కణం. కంటికి స్పష్టంగా కనబడే అతి పెద్ద కణాలలో ఇది ఒకటి.
* '''సయనోబాక్టీరియా:''' ఎరుపు లేదా ఊదారంగు జిగురు పొర. దీనిని నీలి ఆకుపచ్చ శైవలమని పిలిచినప్పటికీ, కేంద్రకం లేనందున ఇది బాక్టీరియాల వర్గానికి చెందుతుంది.
* '''డైనోఫ్లాజెల్లేట్లు:''' బుడగలతో కూడిన గోధుమరంగు జిగురు తీగలు. వీటిలో ఆస్ట్రియాప్సిస్ వంటివి విషపూరితం. వాటిని తిన్న నత్తలు మరణిస్తాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా శూన్యమైన తొట్టెలలో ఇవి విజృంభించడం తరచుగా కనబడుతుంది.

ఇవి గాక, రాళ్ళను గులాబీరంగు పెంకు వలె కప్పే కొరలిన్ శైవలాలు కూడా ఉన్నాయి. ఇవి హానికరం కావు. ఇతర నాచుకు చోటు లేకుండా చేస్తాయి కనుక వీటిని పెంచడమే మంచిది.

## నాచును తినే జీవులు

### నత్తలు

నత్తల నోటిలో ఆకురాయి వంటి రాడ్యులా అనే అవయవం ఉంటుంది. దానితో అవి రాళ్ళ మీది పలుచని నాచు పొరను గీకి తింటాయి. ట్రోకస్ నత్తలు బోర్లా పడినా తిరిగి లేవగలవు. ఆస్ట్రియా నత్తలు ఇసుక మీద తిరగబడితే లేవలేక చనిపోతాయి. కనుక వాటిని రోజూ గమనించాలి. టర్బో నత్తలు పెద్దవి, పొడవైన నాచును కూడా తింటాయి. అయితే సరిగా అతికించని పగడాలను దొర్లిస్తాయి. మెక్సికో తీరం నుండి వచ్చే టర్బో జాతి కొంత చల్లని నీటికి అలవాటుపడినది. వెచ్చని తొట్టెలలో ఎక్కువ కాలం బ్రతకదు. సెరిత్ నత్తలు ఇసుకలో తిరుగుతూ డయాటములను తింటాయి. నసారియస్ నత్తలను నాచు కోసం అమ్ముతున్నప్పటికీ, అవి మిగిలిపోయిన మాంసాహారాన్నే తింటాయి, నాచును తినవు.

### పీతలు

మరకత పీత (మిత్రాక్యులస్ స్కల్ప్టస్) బుడగ నాచును తినే కొద్ది జంతువులలో ఒకటి. అయితే ఆకలి వేసినప్పుడు ఇది పగడాలను కూడా గిల్లవచ్చు. సన్యాసి పీతలు నాచును, మిగిలిన మేతను తింటాయి. వాటికి పెరిగేకొద్దీ పెద్ద గుల్లలు కావాలి. ఖాళీ గుల్లలు దొరకనప్పుడు నత్తలను చంపి వాటి గుల్లలలో చేరతాయి. కనుక వేర్వేరు పరిమాణాల ఖాళీ గుల్లలను తొట్టెలో ఉంచాలి.

### సముద్రపు అర్చిన్‌లు

అర్చిన్‌ల నోటిలో ఐదు దంతాలు గల, అరిస్టాటిల్ లాంతరు అనే నిర్మాణం ఉంటుంది. దీనితో అవి రాతిని సైతం గీకి, నాచును వేళ్ళతో సహా తొలగించగలవు. మెస్పీలియా గ్లోబ్యులస్ అనే చిన్న జాతి తొట్టెలకు అనువైనది. నల్లని పొడవైన ముళ్ళు గల డయడెమా మంచి పనివాడు, కాని ముళ్ళు చేతికి గుచ్చుకుంటే బాధాకరం. అర్చిన్‌లు కొరలిన్ శైవలాలను కూడా గీకివేస్తాయి. చిన్న పగడపు ముక్కలను వీపున మోసుకుపోవడం వీటికి అలవాటు.

### సముద్రపు కుందేళ్ళు, సముద్రపు స్లగ్‌లు

డొలాబెల్లా ఆరిక్యులేరియా అనే సముద్రపు కుందేలు వెంట్రుకల నాచును, సయనోబాక్టీరియాను అధిక మోతాదులో తింటుంది. భయపడినప్పుడు ఊదారంగు సిరాను విడుదల చేస్తుంది. పంపు రెక్కలలో చిక్కుకుని చనిపోతే తొట్టెలోని నీరంతా కలుషితమవుతుంది. ఈ జంతువు నుండి 1980లలో డొలాస్టాటిన్ 10 అనే కేన్సర్ కణాలను చంపే పదార్థాన్ని వేరు చేశారు. ఆ పదార్థాన్ని నిజానికి తయారు చేసేది ఇది తినే సయనోబాక్టీరియా అని తరువాత తేలింది.

కరీబియన్ సముద్రానికి చెందిన ఎలైసియా క్రిస్పాటా అనే స్లగ్, బ్రయాప్సిస్, డెర్బీసియా కణాలకు రంధ్రం చేసి లోపలి రసాన్ని పీలుస్తుంది. నాచులోని హరితరేణువులను జీర్ణం చేయకుండా తన శరీరంలో దాచుకుని, వాటి ద్వారా కొంతకాలం కిరణజన్య సంయోగక్రియను కొనసాగిస్తుంది. నాచు పూర్తిగా అయిపోతే దీనికి వేరే ఆహారం ఉండదు. కనుక పని ముగియగానే దీనిని నాచు ఉన్న మరొక తొట్టెకు మార్చాలి.

### చేపలు

* '''పసుపు టాంగ్''' (జీబ్రసోమా ఫ్లావెసెన్స్): పొడవైన నాచును ఇష్టంగా తింటుంది. దీనికి సుమారు 400 లీటర్లకు పైబడిన తొట్టె అవసరం. ప్రధానంగా హవాయి దీవుల నుండి సేకరించేవారు. 2015లో హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ దీనిని బంధంలో పెంచడంలో విజయం సాధించింది.
* '''టీనోకీటస్ టాంగ్‌లు:''' కుంచె వెంట్రుకల వంటి దంతాలతో పలుచని పొరను, మడ్డిని తింటాయి. పొడవైన నాచును తినవు.
* '''నక్కముఖపు చేప''' (సైగానస్ వల్పినస్): వెంట్రుకల నాచును బాగా తింటుంది. దీని ముళ్ళు విషపూరితం.
* '''సలారియస్ ఫాసియేటస్:''' రాళ్ళ మీద కూర్చుని పొరను గీకే చిన్న చేప. తొట్టె శుభ్రమైన తరువాత ఆకలితో చనిపోవడం దీని విషయంలో ఎక్కువ.

## భక్షక చేపలున్న తొట్టెలు

ట్రిగ్గర్ చేపలు, బొంక చేపలు, పెద్ద రాస్ చేపలు నత్తలను, పీతలను, రొయ్యలను గుల్లలతో సహా కొరికి తింటాయి. అర్చిన్‌లను తిరగవేసి తినడం ట్రిగ్గర్ చేపలకు ప్రకృతిసిద్ధమైన విద్య. ఇటువంటి తొట్టెలో నత్తలను వదలడమంటే భక్షక చేపలకు ఖరీదైన మేత వేయడమే. పైగా ఇవి మాంసాహారులు కనుక విసర్జితాలు ఎక్కువ, నాచు కూడా ఎక్కువ. ఇక్కడ తగిన పరిమాణం గల టాంగ్‌లు, సైగానస్ చేపలు మాత్రమే ఉపయోగపడతాయి. మిగిలిన పనిని చేతితోను, పోషకాల తొలగింపుతోను చేయవలసి ఉంటుంది.

## అమలు చేసే విధానం

1. నాచు రకాన్ని, దానికి కారణాన్ని గుర్తించాలి.
2. పొడవుగా పెరిగిన నాచును చేతితో పెరికి, గొట్టంతో పీల్చి బయటకు తీయాలి. చాలా జంతువులు లేత మొలకలను తింటాయి గాని ముదిరిన కుచ్చులను తినవు. బుడగ నాచును పగలకుండా మొత్తంగా తీయాలి.
3. జంతువులను కొద్ది సంఖ్యలో ప్రవేశపెట్టి, కొన్ని వారాలు గమనించి, అవసరమైతేనే పెంచాలి.
4. కొత్త జంతువును తెచ్చిన నీటిలోనికి తొట్టె నీటిని చుక్కలుగా కలుపుతూ అలవాటు చేయాలి. నత్తలు, అర్చిన్‌లు తమ శరీరంలోని లవణీయతను నియంత్రించుకోలేవు. కనుక లవణీయతలో ఆకస్మికమైన మార్పు వాటికి ప్రాణాంతకం.
5. చేపల వ్యాధులకు వాడే రాగి లవణాలను ఈ తొట్టెలో ఎన్నడూ వాడరాదు. అకశేరుకాలు రాగిని తట్టుకోలేవు.
6. నాచు తగ్గిన తరువాత శాకాహార జంతువులకు ఎండిన సముద్రపు నాచును మేతగా ఇవ్వాలి.

## పరిమితులు

నత్త నాచును తిన్నప్పుడు అందులోని నత్రజని, భాస్వరం మాయమైపోవు. కొంత భాగం నత్త దేహంలో చేరుతుంది, మిగిలినది విసర్జితంగా నీటిలో కలుస్తుంది. నత్త చనిపోతే దేహంలోనిది కూడా తిరిగి వస్తుంది. పోషకాలు తొట్టె నుండి బయటకు పోయే మార్గాలు వేరే ఉన్నాయి. చేతితో తీసిన నాచును పారవేయడం, నీటిని మార్చడం, ప్రోటీన్ స్కిమ్మర్, ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు, ప్రక్క తొట్టెలో కీటోమార్ఫా అనే నాచును పెంచి కోయడం ముఖ్యమైనవి. మేసే జంతువులు నాచును పొట్టిగా ఉంచి, పగడాలు పెరగడానికి సమయం కల్పిస్తాయి. ఈ రెండు పనులూ కలిసి జరిగినప్పుడే ఫలితం నిలుస్తుంది.

తొట్టె పరిమాణాన్ని బట్టి ఒకేసారి డజన్ల కొద్దీ నత్తలను, పీతలను అమ్మడం వ్యాపారంలో సాధారణం. కొన్ని వారాలలో నాచు అయిపోయి, వాటిలో చాలా భాగం ఆకలితో చనిపోతాయి. కుళ్ళిన దేహాలు తిరిగి నాచుకు ఎరువుగా మారతాయి. ఈ జంతువులలో అధిక భాగం నేటికీ సముద్రం నుండి పట్టి తెచ్చినవే.

## ప్రకృతిలో దృష్టాంతాలు

తొట్టెలో జరిగేది సముద్రంలో ఎంత పెద్ద ఎత్తున జరగగలదో కరీబియన్ సముద్రం చూపింది. 1983 జనవరిలో పనామా సమీపంలో డయడెమా ఆంటిల్లారమ్ అనే అర్చిన్‌లు ఒక వ్యాధితో చనిపోవడం మొదలైంది. సుమారు 13 నెలలలో కరీబియన్ ప్రాంతమంతటా వాటి సంఖ్య 90 శాతానికి పైగా తగ్గింది. నాచును తినే చేపలను జమైకాలో అప్పటికే మితిమీరి పట్టివేయడం వలన, అక్కడ నాచును మేసేందుకు అర్చిన్‌లే మిగిలాయి. 1980లో వచ్చిన అలెన్ తుఫాను పగడాలను అప్పటికే దెబ్బతీసింది. 1970ల చివరలో జమైకా భిత్తికల మీద 50 శాతానికి పైగా ఉన్న సజీవ పగడాల విస్తీర్ణం, 1990ల తొలినాటికి 5 శాతం కంటే తగ్గింది. ఆ స్థలాన్ని నాచు ఆక్రమించింది. 2022లో ఈ అర్చిన్‌లకు మరల మహమ్మారి సోకింది. దానికి కారణం సీలియేట్ వర్గానికి చెందిన ఒక ఏకకణ పరాన్నజీవి అని 2023లో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

దీనికి భిన్నమైన ఉదాహరణ హవాయిలోని కనియోహె అఖాతం. 1970లలో అక్కడికి తెచ్చిన కప్పాఫైకస్, యూకీమా జాతుల ఎర్ర నాచు పగడాలను కప్పివేసింది. పడవ మీద అమర్చిన పెద్ద పీల్చుడు యంత్రంతో ముందుగా నాచును తొలగించి, 2010లలో హేచరీలో పెంచిన ట్రిప్న్యూస్టెస్ గ్రాటిల్లా అనే స్థానిక అర్చిన్‌లను లక్షల సంఖ్యలో వదిలారు. తిరిగి మొలిచే నాచును అవి మేశాయి. ముందు చేతిపని, తరువాత మేత అనే తొట్టె సూత్రమే ఇక్కడా పనిచేసింది.

## సముద్రంలోకి చేరే ప్రమాదం

తొట్టెలోని నాచును కాలువలలోను, సముద్రంలోను పారవేయరాదు. కాలెర్పా టాక్సిఫోలియా అనే నాచు యొక్క చలిని తట్టుకునే రకాన్ని యూరప్‌లోని ఆక్వేరియాలలో అలంకారానికి పెంచేవారు. 1984లో మొనాకో సముద్ర మ్యూజియం సమీపంలో సముద్రగర్భాన ఇది సుమారు ఒక చదరపు మీటరు మేర కనబడింది. 1989 నాటికి ఒక హెక్టారుకు, తరువాత మధ్యధరా తీరంలో అనేక చోట్లకు వ్యాపించింది. దీనిలోని విషపదార్థం వలన చాలా స్థానిక జంతువులు దీనిని తినవు. దీనిని తినే ఎలైసియా సబార్నాటా అనే ఉష్ణమండల స్లగ్‌ను ప్రయోగశాలలో పరిశీలించారు గాని సముద్రంలో వదలలేదు. ఒక పరాయి జీవిని అదుపు చేయడానికి మరొక పరాయి జీవిని తేవడంలోని ప్రమాదమే అందుకు అడ్డు. 2000లో ఇదే నాచు కాలిఫోర్నియాలో కనబడినప్పుడు, టార్పాలిన్లతో కప్పి క్లోరిన్‌తో చంపారు. పూర్తిగా నిర్మూలించినట్లు 2006లో ప్రకటించారు.

నాచును తినడానికి తెచ్చిన జంతువులకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. అవసరం తీరిన జంతువును మరొక పెంపకందారునికి ఇవ్వాలి గాని సముద్రంలో వదలరాదు.

## భారతదేశంలో

భారతదేశంలో ప్రవాళ భిత్తికలు ప్రధానంగా మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి. గోదావరి, కృష్ణా నదులు తెచ్చే ఒండ్రు, మంచినీరు కారణంగా ఆంధ్ర ప్రదేశ్ తీరంలో పెద్ద భిత్తికలు ఏర్పడలేదు. మన్నారు సింధుశాఖలోని కురుసడై దీవి వద్ద, సాగు కోసం ప్రవేశపెట్టిన కప్పాఫైకస్ నాచు సజీవ పగడాల మీద వ్యాపించినట్లు 2008లో శాస్త్రజ్ఞులు నివేదించారు.

భిత్తికలను నిర్మించే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో చేర్చారు. కనుక దేశంలోని సముద్రాల నుండి పగడాలను గాని, సజీవ శిలలను గాని సేకరించడం, అమ్మడం నేరం. కొన్ని జాతుల నత్తలకు, శంఖాలకు కూడా ఈ చట్టం రక్షణ కల్పిస్తుంది. నాచు నియంత్రణకు జంతువులను కొనేవారు ఆ జాతి ఏదో, ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవడం అవసరం.

## ఇవి కూడా చూడండి

* ప్రవాళ భిత్తిక
* శైవలాలు
* జీవ నియంత్రణ
* సహజీవనం
* మన్నారు సింధుశాఖ